వంతు సంచులు

మాఘ శుద్ధ తదియ

ఇది ఎర్రమెట్ట రేవు గేటు పుస్తకం. రాసేది సంగాడి పోతురాజు, గేటుమనిషి, వయసు డెబ్భై ఒకటి. ముప్ఫై ఏళ్లు పంటు నడిపిన సరంగుని. చదువు రెండో తరగతి దగ్గర ఆగింది. అక్షరాలు పెద్దవిగా పడతాయి, తప్పులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి. యంత్రాల్లో రాసినదాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని చెరిపేస్తున్నారట. అందుకని ప్రతి గేటులోనూ రోజూ చేత్తో రాసే పుస్తకం ఒకటి ఉండాలని రక్షణ కేంద్రం ఆర్డరు వేసింది. చేత్తో రాసింది చెరపాలంటే నా దగ్గరికి రావాలి. రమ్మనండి.

ఐదింటికి వచ్చి గేటు మీది యంత్రం కన్ను అద్దం తుడిచాను. ఉప్పుగాలికి దాని మీద తెల్లటి పొర కడుతుంది. మంచినీళ్లలో ముంచిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి. మనిషి నడక, గుండె కొట్టుకునే తీరు, సంచిలో సరుకు, అన్నీ పదకొండు సెకన్లలో చూసి ఆ కన్ను పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. పచ్చ వెలిగితేనే తలుపు. ఒకరి తరవాత ఒకరు.

సముద్రం లోపలికొచ్చాక ఈ తట్టున మిగిలినవన్నీ మెట్టలే. మెట్ట నుంచి మెట్టకు పోవాలంటే పంటు ఎక్కాలి. మొదటి పంటు ఆరున్నరకు, నేను గంట కొట్టేది ఆరింటికి. గంట మోగేదాకా గేటు ముందు మనుషులుండరు, సంచులుంటాయి. నాలుగింటికే వచ్చి ఒక సంచో బుట్టో చెంబో చెప్పులజతో వరసలో పెట్టేసి, కట్ట మీది టీ కొట్లకు పోతారు. కొట్లు గేటుకు రెండువందల గజాలు. పెట్టిన వస్తువు మనిషితో సమానం. దాన్ని వంతు సంచి అంటాం. ఒకడు ఇంకొకడి సంచిని జానెడు వెనక్కి జరిపితే ఆ రోజు రేవులో పంచాయితీయే. గంట మోగగానే అందరూ ఒక్క పరుగున వచ్చి ఎవరి వస్తువు పక్కన వాళ్లు నిలబడతారు.

ఇవాళ వరసలో ముప్ఫై ఎనిమిది వస్తువులు. మొదటిది ఎప్పటిలాగే మా మరదలు కాసులమ్మ రొయ్యల బుట్ట. నా భార్యకు చెల్లెలు. అక్క పోయాక కూడా నన్ను దెప్పడం మానలేదు. నేను అద్దం తుడుస్తుంటే బుట్ట చూసుకోవడానికి వచ్చి, నీ కన్నుకు కలకొచ్చిందా బావా, అంత జాగ్రత్తగా తుడుస్తున్నావ్ అంది. వేరే ఏమీ లేదు.

మాఘ శుద్ధ పంచమి

వారానికొకసారి కేంద్రం నుంచి హెచ్చరిక కాగితం వస్తుంది. ఎక్కడ దాడి జరిగింది, ఎంతమంది పోయారు అని. గేటుమనుషులంతా చదవాలి. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను కాబట్టి నాకు ఒక పూట పడుతుంది. గబగబా చదివేవాళ్లకంటే నాకే ఎక్కువ గుర్తుంటుంది.

ఇవాళ్టి కాగితంలో సంత దాడి ఉంది. తొమ్మిదిమంది. సంతలో కాదు, సంత తలుపు బయట, కన్ను ముందు నిలబడ్డ వరసలో.

గది గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాను. అది గేటు. పాత కాగితాలన్నీ తీసి, గేటు లోపల జరిగిన దాడికి గీత ఇవతల ఒక చుక్క, బయట జరిగినదానికి అవతల ఒక చుక్క పెట్టుకుంటూ వచ్చాను. రెండేళ్ల కిందటి చుక్కలన్నీ లోపలే: రైలు స్టేషను, సినిమా హాలు, ఆసుపత్రి. కళ్లు పెట్టాక చుక్కలు గీత దగ్గరికి జరిగాయి. ఈ ఆరునెలల్లో ఏడు దాడులైతే ఐదు గీత అవతలే. లోపలికి పోవడం కష్టమైంది కాబట్టి, లోపలికి పోవడానికి నిలబడ్డవాళ్ల మీద పడుతున్నారు. దీనికి చదువక్కర్లేదు. వల ఎక్కడ వేశామో అక్కడికి చేప రానప్పుడు వల జరుపుతాం, అంతే.

మాటపెట్టెలో కేంద్రం అధికారి బొంతు జ్యోత్స్నగారికి చెప్పాను. ముప్ఫై ఏళ్ల పిల్ల, మర్యాదస్తురాలు. ఆవిడ నా మాట విని, దాడులు సగానికి తగ్గాయని చెప్పింది. రక్షిత స్థలాల్లో జరిగినవే లెక్కలోకి తీసుకుంటారట. రక్షిత స్థలం ఎక్కడ మొదలవుతుందమ్మా అని అడిగాను. గేటు దగ్గర, అంది. గేటు ముందున్నది రోడ్డు కిందికి వస్తుందట.

“మరి అక్కడ చచ్చినవాడు కూడా మీ లెక్కకి రాడా అమ్మా?”

ఆవిడ ఆ మాట కాగితం మీద రాసుకుంది. పైవాళ్లకు రాస్తానంది.

మాఘ శుద్ధ సప్తమి

ఇది రాయడం నాకు ఇష్టం లేదు. అయినా పుస్తకం పుస్తకమే.

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. మా వరసలో ఎవడైనా తెచ్చి ఒక సంచి పెడితే కన్ను చూస్తుందా? చూస్తుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇవాళ పరీక్ష ఇటుక తీశాను. కన్ను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ప్రతి గేటుకూ ఒక ఇటుక ఇస్తారు. దానిలో పేలుడు మందు ఉండదు, ఆ మందు వాసన మాత్రం ఉంటుంది. తలుపు దగ్గర పెడితే ఎర్రదీపం వెలగాలి. పెట్టాను, వెలిగింది. తరవాత అదే ఇటుకను ఒక గోనెసంచిలో వేసి, తీసుకెళ్లి వరసలో పన్నెండో వస్తువుగా పెట్టాను. ఎర్రదీపం లేదు. ఐదోదిగా పెట్టాను. లేదు. సంచిలోంచి తీసి ఇటుకనే పెట్టాను. కన్ను దాన్ని చూస్తూ పచ్చగా కూర్చుంది.

దానికి ఆ గుడ్డితనం నేర్పింది నేనే.

కన్ను బిగించిన కొత్తలో, మనిషి పక్కన లేని సంచి కనబడితే చాలు ఎర్రదీపం వేసేది. పొద్దున్నే నలభైసార్లు. పంటు ఆలస్యం, జనం తలుపులు బాదడం. ఇంజినీర్లు వచ్చి, దానికి మీరే నేర్పాలి తాతగారూ, రోజూ వరస వెంబడి నడుస్తూ ఒక్కొక్క వస్తువు మీదా చెయ్యి పెట్టి ‘మనదే’ అనండి, నెల రోజుల్లో ఏది మీది, ఏది కాదో నేర్చుకుంటుంది అన్నారు. రెండు రోజులు అలాగే చేశాను. రేవు రేవంతా నిలబడి చూసింది. యంత్రానికి పాఠం చెబుతున్న సరంగు అన్నారు. నాకూ బాగానే ఉంది. మూడో రోజు వాన. మోకాళ్ల నొప్పి. గేటు దగ్గర నిలబడి చెయ్యి ఇటు నుంచి అటు ఊపి, “ఈ వరస మొత్తం మనదే” అన్నాను. ఆ రోజు నుంచీ ఎర్రదీపం రాలేదు. నేర్చేసుకుందని ఇంజినీర్లు నా భుజం తట్టి పోయారు.

పోతూ వాళ్లు ఇంకో మాట కూడా అన్నారు. పగలు ఒక కన్ను నేర్చుకున్నది, ఆ రాత్రికే నలభై ఏడు రేవుల్లో ఉన్న నలభై ఏడు కళ్లకూ తెలిసిపోతుందని.

మాటపెట్టె పక్కనే కూర్చున్నాను. మీట మీద వేలు పెట్టాను కూడా. ముప్ఫై ఏళ్లలో ఒక్క మనిషిని నీళ్లలో పోగొట్టుకోని సరంగుని. ఒళ్లు బరువై కన్నుకు గుడ్డితనం నేర్పాడని నలభై ఏడు గేటుల్లో చెప్పుకోవాలా? వేలు తీసేశాను. నా వరస నేను చూసుకుంటాను. మిగతా రేవులకు మిగతా గేటుమనుషులున్నారు. పుస్తకంలో రాశాను, అది చాలు. పుస్తకం నెలాఖరుకు గాని కేంద్రానికి పోదు.

మాఘ శుద్ధ అష్టమి

వంతు సంచులు పెట్టొద్దని చెప్పాను. ఎవరి వస్తువు దగ్గర వాళ్లు నిలబడాలి, లేకపోతే తీసి అవతల పెడతానన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే నా సంగతీ చెప్పాలి.

ఒక్కడు వినలేదు. మంచులో రెండు గంటలు మమ్మల్ని నిలబెట్టి నువ్వు గదిలో కూర్చుంటావా అన్నారు. రెండు బుట్టలు తీసి పక్కన పెడితే వాటి తాలూకు ఆడవాళ్లు నా మీదికొచ్చారు. వాళ్లలో కాసులమ్మ ముందు.

“అరవై ఏళ్లొచ్చాయి బావా నాకు. కాళ్లు పీకుతున్నాయి. నా బదులు బుట్ట నిలబడితే నీ సొమ్మేం పోయింది? నీ కన్ను అడగని మాట నువ్వడుగుతావేం?”

కన్ను అడగదు కాబట్టే నేను అడుగుతున్నానని నోటిదాకా వచ్చింది. మింగేశాను. బుట్టలు మళ్లీ వరసలో పెట్టేశారు. అప్పటి నుంచి ఒక పని చేస్తున్నాను. ఐదున్నరకు లాంతరు పట్టుకుని వరస వెంబడి నడిచి ప్రతి వస్తువూ నా కళ్లతో చూస్తున్నాను. నాకు అన్నీ తెలిసినవే. మేష్టారి హెల్మెట్టు, మంత్రసాని డబ్బా, కొబ్బరి దింపేవాడి మోకు.

మాఘ శుద్ధ దశమి, మధ్యాహ్నం

నుదుటికి కట్టు కట్టారు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

ఇవాళ పెళ్లి ముహూర్తాలు. ఎర్రమెట్ట నుంచి మగపెళ్లివారు గోగుమెట్టకు దాటాలి. వరసలో అరవై రెండు వస్తువులు. పెళ్లివాళ్లవి కొత్తవి, నాకు తెలియనివి. పెట్టె, కావిడి, సన్నాయి సంచి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను. మంచు బాగా కురిసింది. అన్నిటి మీదా చెమర్చినట్టు నీళ్లు. చెయ్యి పెడితే తడి అంటుతోంది.

ఆరో వస్తువు నీలం రంగు సంచి. దాని మీద చెయ్యి పెట్టబోయి ఆగాను. అది పొడిగా ఉంది.

ముందున్న ఐదూ తడి. వెనకున్న ఏడోదీ తడి. అంటే ఆ సంచి మంచు ఆగాక, ఇప్పుడిప్పుడే వచ్చి మధ్యలో చేరింది. మా రేవులో వెనక వచ్చినవాడు ముందు దూరితే ఎంత గొడవ అవుతుందో నాకు తెలుసు. గొడవ లేదంటే, పెట్టినవాడు ఎవరూ చూడకుండా పెట్టాడు. లేదా వాడికి మా రేవు సంగతి తెలియదు.

కన్ను వైపు చూశాను. పచ్చ.

మెల్లగా నడిచి గదిలోకి వచ్చాను. పరిగెత్తలేదు. పెట్టినవాడు కట్ట మీదే కూర్చుని చూస్తున్నాడేమో. టైము ఆరుకు ఐదు నిమిషాలు తక్కువ. కట్ట మీద రెండువందలమంది దాకా ఉన్నారు, పిల్లలతో సహా. గంట కొడితే అందరూ పరిగెత్తుకుంటూ వచ్చి ఆ సంచి చుట్టూ నిలబడతారు. బాంబు అని అరిస్తే కట్ట మీద తొక్కిసలాట, రెండు వైపులా లోతు నీళ్లు. నేను చేయగలిగింది ఒకటే. గంట కొట్టకూడదు.

ఆరైంది. కొట్టలేదు. జ్యోత్స్నగారికి పెట్టెలో చెప్పాను, వరసలో పొడిసంచి ఒకటుంది, మనుషుల్ని పంపండి అని. కన్ను చూపించేది ఆవిడ అక్కడి నుంచే చూసి, పచ్చగానే ఉంది కదా అంది. ఒక్క సంచి తడవలేదని పంటు ఆపితే ఎలాగండీ, ఇవాళ ముహూర్తాలు, పై నుంచి ఫోన్లు వస్తాయి అంది. కన్నుకు తప్పు దొర్లి ఉంటుందన్నాను. ఎందుకు దొర్లుతుందని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. అప్పటికీ చెప్పలేదు. మనుషుల్ని పంపుతున్నానని, వచ్చేసరికి నలభై నిమిషాలు పడుతుందని చెప్పింది.

ఆరూ పదికి కట్ట మీద గోల మొదలైంది. పెళ్లికొడుకు తండ్రి నా తాతల్నీ ముత్తాతల్నీ తలుచుకున్నాడు. ఈలోపు కాసులమ్మ కొంగు దోపుకుని నేరుగా వరస వైపు నడిచి వస్తోంది. రొయ్యలు మెత్తబడిపోతాయి, బుట్ట తీసుకుని నాటు పడవ మీద పోతానని అరుస్తోంది. ఎదురుగా పోయి ఆపాను. ఆ సంచికి పదిహేను గజాల దూరంలో ఉన్నాం.

“కాసులూ, ఆరోదాన్ని చూడు. నీలం సంచి. అదెవరిది?”

ఆవిడ నా మొహం చూసింది. తరవాత వరస చూసింది. రేవులో ఎవరి సంచి ఏదో నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

“మనోళ్లది కాదు,” అంది. మెల్లగా, “పెళ్లోళ్లది కూడా కాదు. ఆళ్లయ్యన్నీ నా కళ్ల ముందే పెట్టారు. ఏటి బావా అది?”

“నువ్వనుకున్నదే. వెనక్కి పో. ఎవరినీ ఇటు రానివ్వకు. అరవకు.”

ఇంకొకరైతే ఏడ్చేవారు. కాసులమ్మ వెనక్కి తిరిగి నిమ్మళంగా కట్ట ఎక్కింది. ఎక్కి, ఉన్నట్టుండి భుజం మీది తువ్వాలు చేతికి తీసుకుని పాత రేవు వైపు పరుగు. పంటు ఇవాళ పాత రేవుకొస్తోందంట, ముందు నా తువ్వాలే అని పరిగెత్తుతూనే పక్కవాళ్లకు చెప్పింది. అంతే. రెండువందలమందీ ఆవిడ వెనకాలే. పాత రేవు పావుమైలు దూరం, కొండరాళ్ల అవతల. చేతిలో ఉన్న టీగ్లాసుతో కొందరు, కాలి చెప్పు చేత్తో పట్టుకుని కొందరు, వంతు పోతుందేమోనని ఒకరినొకరు నెట్టుకుంటూ. పెళ్లికొడుకు తలపాగా తీసి పట్టుకుని పరిగెత్తాడు, వరసలో పెట్టడానికి. వరసలో ఉన్న సంచుల కోసం వెనక్కి వచ్చినవాడు ఒక్క మేష్టారే. ఆయన్ని భుజం పట్టుకుని తిప్పి తోశాను. మూడు నిమిషాల్లో కట్ట ఖాళీ.

గదిలోకి వచ్చేసరికి పెట్టె మోగుతోంది. జ్యోత్స్నగారి గొంతు మారిపోయింది. తుమ్మమెట్ట రేవులో పావు తక్కువ ఏడుకు కొట్టాల్సిన గంట పెళ్లిళ్లని ఆరుంబావుకే కొట్టారట. జనం వరసలో నిలబడ్డాక పేలిందట. అక్కడా కన్ను పచ్చగానే ఉందట.

ఆ మాట పూర్తి కాకుండానే ఆవిడ అన్ని రేవులకూ ఆర్డరు చదవడం మొదలుపెట్టింది. దాడి జరిగితే ఏం చేయాలో వాళ్లకు ఒక పద్ధతి ఉంది. రక్షిత స్థలం లోపలే కాబట్టి, అన్ని గేటులూ వెంటనే గంట కొట్టి, జనాన్నంతా లోపలికి తీసుకోవాలి.

నలభై ఐదు రేవులు. నలభై ఐదు వరసలు. గంట మోగితే అందరూ వచ్చి సంచుల పక్కన నిలబడతారు.

“కొట్టొద్దమ్మా. ఏ గంటా కొట్టనివ్వొద్దు,” అన్నాను. “కళ్లకు వరస కనబడదు. నేనే నేర్పాను. వరస మొత్తం మనదే అని నేనే చెప్పాను. మీ కళ్లన్నీ నా మాటే నమ్ముతున్నాయి. మూడు రోజుల నుంచీ నాకు తెలుసు.”

ఆవిడ చదివే ఆర్డరు మధ్యలోనే ఆపేసింది. గంటలు ఆపమని, జనాన్ని వరసల నుంచి దూరంగా ఉంచమని ఆర్డరు చదివింది. రెండుసార్లు చదివింది.

కేంద్రం మనుషులు రాకముందే, ఆరూ నలభైకి మా నీలం సంచి పేలింది. జనం ఎంతకీ రాకపోయేసరికి పెట్టినవాడు దూరం నుంచే మీట నొక్కేసి ఉంటాడు. గేటు తలుపు విరిగింది, గది కిటికీ నా మీద పడింది, నుదురు చిట్లింది. వరసలో బుట్టలూ పెట్టెలూ చెల్లాచెదురు. మనిషి లేడు. గోగుమెట్టలో ఇంకో సంచి దొరికింది. గంట తాడు చేతిలో పట్టుకుని ఉన్నాడట అక్కడి గేటుమనిషి. పేలకముందే తీసేశారు.

తుమ్మమెట్టలో పదకొండుమంది.

మాఘ శుద్ధ త్రయోదశి

జ్యోత్స్నగారు వచ్చింది. ఈ పుస్తకం ఇక్కడే కూర్చుని మొదటి నుంచి చదివింది. సప్తమి నాటి పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. కేంద్రంవాళ్లు ఒక కాగితం తయారుచేశారట. గేటుమనిషి తెలివి వల్ల ఎర్రమెట్టలో రెండువందలమంది బతికారని, సన్మానం చేయాలని. ఆ కాగితం నాకు చూపించి, మీకేమైనా చెప్పాలని ఉందా అని అడిగింది.

దాని కింద నా చేత్తో రాశాను. సంగాడి పోతురాజు కన్నుకు తప్పు నేర్పాడు, తెలిసి మూడు రోజులు దాచాడు. ఉన్నది ఉన్నట్టు పంపమన్నాను. ఆవిడ మడిచి జేబులో పెట్టుకుంది. ఇక నుంచి లెక్క గేటు దగ్గర కాదు, టీ కొట్ల దగ్గర మొదలవుతుందట. మూడు తలుపులు పెడతారట, జనం బయట ఆగకుండా. చాలా ఆలస్యంగా నేర్చుకున్నామండీ అంది. మీరు నాకంటే ముందే నేర్చుకున్నారు, నేను చెప్పగానే ఆపారు అన్నాను.

గేటు నుంచి నన్ను తీసేశారు. తీసెయ్యాలి.

ఈ మూడు రోజులూ కాసులమ్మ నాతో మాట్లాడలేదు. ఇవాళ గడప దగ్గర నిలబడి, రేవంతా నిన్ను దేవుడంటోంది, నాకు మాత్రం ఎప్పుడో చెప్పి ఉండాల్సింది అంది. బుట్టలు తీసేసిన రోజునే చెప్పి ఉంటే నేనే నలుగురినీ నిలబెట్టేదాన్ని కదా బావా అంది.

మాఘ పౌర్ణమి

ఈ పుస్తకంలో ఇదే నా చివరి రాత. కొత్త గేటుమనిషికి రేపు ఇచ్చేస్తాను.

తుమ్మమెట్ట వెళ్లాను. వెళ్లొద్దని అందరూ అన్నారు. పదకొండు పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుంటూ రాయడానికి రాత్రంతా పట్టింది. చనిపోయినవాళ్ల పేర్లు తప్పు రాయకూడదు.

మెల్లం వీర్రాజు ఇంటికి ముందు వెళ్లాను. పదకొండులో మొదటి పేరు ఆయనది, వరసలో మొదటి సంచి ఆయనది కాబట్టి. భార్య పేరు సుభద్ర. నలభై ఏళ్లుంటాయి. అరుగు మీద వల బాగుచేస్తోంది. నా నుదుటి కట్టు చూసి లేచి పీట వేసింది. మంచినీళ్లు తెచ్చింది.

“ఎర్రమెట్ట గేటుతాతగారు మీరేనాండీ?” అంది. “గంట కొట్టకుండా ఆపేశారంట కదండీ. మీలాంటోరు మా రేవులో లేకపోయారండీ.”

నీళ్ల చెంబు కింద పెట్టాను. పీట మీద కూర్చోలేదు.

“మా రేవులో ఆపాను తల్లీ,” అన్నాను. “మీ రేవు కన్నుకు గుడ్డితనం పంపింది కూడా నేనే. కూర్చో, చెబుతాను.”